మిగిలిపోయిన చరణం

పాట విని ఏడవడం నాకు ముప్పై ఏళ్ళు వచ్చాక గాని చేతకాలేదు. అదీ త్యాగయ్య కృతి విని కాదు, కైవారం తాతయ్య తత్వం విని కాదు. ఒక ఇటలీ పాట విని. అందులో ఒక్క ముక్క కూడా నాకు అర్థం కాలేదు.

మాది ఆనేకల్. బెంగుళూరుకు ముప్పై అయిదు కిలోమీటర్లు. ఇటు అత్తిబెలె దాటితే హోసూరు, తమిళనాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ, అవసరానికి తమిళం. మా పక్క పిల్లలందరికీ మాదిరే నాకూ మూడు భాషలూ నోటికి వచ్చాయి గాని, చదవడం రాయడం వచ్చింది కన్నడం ఒక్కటే. తెలుగు నాకు నోటికీ చెవికీ సంబంధించిన భాష. కంటితో దానితో నాకు పరిచయం లేదు. ఆ సంగతి నాకు చాలాకాలం లోటుగా అనిపించనూ లేదు.

నాయన పట్టు మగ్గం నేసేవాడు. తెల్లవారుజామున మగ్గం చప్పుడుతోనే నాకు మెలకువ వచ్చేది. అమ్మ రాగులు విసురుతూ కైవారం తాతయ్య తత్వాలు పాడేది. కైవార నారేయణ తాతయ్య కన్నడ దేశంలో పుట్టి తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పినవాడు. కోలారు, చిక్కబళ్ళాపురం పక్క ఊళ్ళలో ఆ పాటలు ఇప్పటికీ వినిపిస్తాయి. మగ్గం, తిరగలి, తత్వం. పాట అంటే నాకు తెలిసింది అంతే. అది పనితోపాటు నడిచేదే గాని, పని మానుకొని కూర్చొని వినవలసిందని ఎవరూ చెప్పలేదు.

1974లో బెంగుళూరులో ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో చేరాను. మెషిన్‌షాపులో లేతు పని. చీకటితో లేచి బస్సెక్కితే చీకటి పడ్డాక ఇల్లు చేరేది. నా పక్క లేతు మీద పనిచేసే ఆయన ఆంగ్లో ఇండియన్. నాకన్నా పదేళ్ళు పెద్ద. కంటోన్మెంటు పక్క కాక్స్‌టౌన్‌లో ఇల్లు. వాళ్ళ నాన్న ఒకప్పుడు కంటోన్మెంటు క్లబ్బుల్లో డాన్సు బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడట. మా ఇద్దరి మధ్యా నడిచింది కంటోన్మెంటు కన్నడం. అందులో సగం తమిళం, సగం ఇంగ్లీషు. ఆయన నన్ను "మ్యాన్" అనేవాడు. నేను ఆయన్ని అందరి మాదిరే "దొరా" అని ఆటపట్టించేవాణ్ణి. నవ్వేవాడు. తరువాత తరువాత ఆ మాట అనడం నాకే బాగుండక మానేశాను.

ఆయన పనిచేస్తూ ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండేవాడు. లేతు తిరిగే చప్పుడుకు ఒక పక్కగా జరిగి, అడుగు తప్పుతున్నట్టు తప్పుతూ, మళ్ళీ సరిగ్గా వచ్చి కలిసే పాట. ఒకరోజు అడిగాను, ఇదేం పాట అని. "జాజ్" అన్నాడు. "మా నాయన మగ్గం కూడా ఇట్లాగే నడిచేది" అన్నాను. ఆయన లేతు ఆపి నా మొహంలోకి చూశాడు. మా స్నేహం అక్కడ మొదలైంది.

నాయన 1981లో పోయాడు. కార్యాలన్నీ జరిపించాను. బంధువులకు సమాధానం చెప్పాను, అప్పులు లెక్క చూశాను, మగ్గం అమ్మేశాను. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. రాలేదని లోపల ఒక భయం ఉండేది, నాకేమైనా తక్కువా అని. ఎవరికీ చెప్పుకోలేదు.

మరుసటి ఏడు క్రిస్మస్‌కు దొర నన్ను ఇంటికి పిలిచాడు. కేకు పెట్టాడు. తరువాత ఒక గ్రామఫోను రికార్డు బయటికి తీసి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు అరచేతుల అంచులతో పట్టుకొని పెట్టాడు. పుచ్చీనీ రాసిన "టోస్కా" అనే ఒపెరా. 1900లో రోము నగరంలో మొదట ఆడినది. ఆయన దగ్గరున్నది 1953లో మరియా కల్లాస్, డి స్టెఫానో పాడిన రికార్డు. ఒపెరా అంటే నాటకమే, కాని మాటలన్నీ పాటలే. కథ చెప్పమన్నాను. "ముందు విను మ్యాన్, కథ తరువాత" అన్నాడు.

మొదట క్లారినెట్ ఒక్కటే వచ్చింది, ఎవరూ లేని చోట ఎవరినో పిలిచినట్టు. తరువాత ఒక మగ గొంతు మెల్లగా, మాట్లాడుతున్నట్టే మొదలైంది. ఆ గొంతు పెరిగి పెరిగి ఒకచోట తెగిపోయేలాగా అయింది. మొత్తం మూడు నిమిషాలు ఉంటుందేమో. అది అయిపోయేసరికి నా చొక్కా తడిసి ఉంది. ఎవరింట్లోనో, పండుగ పూట, కేకు ప్లేటు ఒళ్ళో పెట్టుకొని, ముప్పై ఏళ్ళ మగవాణ్ణి వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో నాకు తెలుసు. ఏడాది ఆలస్యంగా వచ్చింది ఆ ఏడుపు.

దొర ఏమీ అడగలేదు. రికార్డు ఆపి, అప్పుడు కథ చెప్పాడు. ఒక చిత్రకారుడు. తెల్లవారితే అతన్ని తుపాకులతో కాల్చి చంపుతారు. కోట మీద, నక్షత్రాల కింద, ప్రియురాలికి చివరి ఉత్తరం రాయబోయి, రాయలేక, గడిచిన రోజులు గుర్తు చేసుకుంటూ పాడతాడు. చావబోయే ఘడియలో బతుకు మీద పుట్టిన ఇష్టం అది. "నీకు కథ తెలియకుండానే అందింది చూశావా? అదీ ఒపెరా" అన్నాడు.

అప్పటికి ఆ మాట నాకు చాలా గొప్పగా తోచింది. అర్థంతో పని లేదు, స్వరం చాలు అనుకొని ఇంటికి వచ్చాను.

అక్కడినుంచి మా మధ్య క్యాసెట్లు నడిచాయి. సోమవారం ఆయనొకటి తెస్తే, వారం విని మళ్ళీ సోమవారం తిరిగి ఇవ్వాలి. ఆయన ఇచ్చిన వాటిలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో రికార్డు చేసిన "వెస్ట్ ఎండ్ బ్లూస్" ఒకటి. మూడు నిమిషాలు దాటి కాస్త ఉంటుంది. మొదట పది పన్నెండు సెకన్లు తాళం లేదు, తోడు లేదు, ట్రంపెట్ ఒక్కటే. మనవాళ్ళు కృతికి ముందు ఆలాపన చేస్తారే, రాగమంతా ఒక్కసారి ఆకాశంలో గీసి చూపిస్తారే, సరిగ్గా అదే. మధ్యలో ఆయనే ట్రంపెట్ పక్కన పెట్టి మాటలు లేకుండా గొంతుతో పాడతాడు. క్లారినెట్ ఒకటి అంటే ఈయనొకటి అంటాడు. "దీనికి అర్థమేమిటి?" అని దొరను అడిగాను. "దీనికి అర్థమే ఉంటే నోటితో ఎందుకు పాడతాడు, ఉత్తరం రాసి పంపేవాడు" అన్నాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. జాజ్ పుట్టిన ఊరు అదే. జాజ్ కన్నా ముందు అది ఒపెరాకు పేరుపడ్డ ఊరని దొర చెప్పాకే తెలిసింది. 1859లో కట్టిన ఫ్రెంచి ఒపెరా హౌసు 1919లో కాలిపోయేదాకా అక్కడ ఉండింది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఇటలీ గాయకుల రికార్డులంటే ఇష్టం. ఆ ఒపెరా వరసలు అక్కడక్కడా ఆయన ట్రంపెట్‌లో దొర్లేవి. ఇటలీవాళ్ళ ఏడుపు, ఆఫ్రికానుంచి గొలుసులతో తెచ్చినవాళ్ళ మనవల ఏడుపు ఒకే ఊపిరిలో కలిశాయన్నమాట. ఆ మనుషుల భాషలు ఓడల్లోనే, తోటల్లోనే పోయాయి. లయ పోలేదు. ఈ సంగతి విన్నప్పుడు ఆశ్చర్యపడ్డాను. అది భయపడవలసిన సంగతి కూడా అని అప్పుడు తోచలేదు.

దొర ఇంకో సంగతి కూడా చెప్పాడు. జర్మనీ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ముసలితనంలో రాసిన చివరి నాలుగు పాటలను, ఆయన పోయిన తరువాత 1950లో లండనులో మొదటిసారి పాడారు. పాడింది ఒపెరాలో పేరెన్నికగన్న కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్. ఆ కచేరీకి డబ్బు పూచీ పడింది ఎవరనుకున్నారు? మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయరు. ఆ కచేరీ రికార్డు ఆయన కోసం మైసూరుకు వచ్చింది. కర్ణాటక సంగీతంలో కృతులు కట్టిన రాజు ఆయన. "మీ రాజుకు మా పాట కావాలి, నాకు మీ పాట ఎందుకు వద్దు? తీసుకురా మ్యాన్" అన్నాడు.

నాకు వచ్చిన చిక్కు అదే. తీసుకుపోవలసిన పాట ఏది?

ముందు షేక్ చినమౌలానా గారి నాదస్వరం తీసుకుపోయాను. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ మహావిద్వాంసుడు ఆయన. మాటలు లేని పాట కదా, నాకు ధైర్యం. దొర పొంగిపోయాడు. "ఇది మా శాక్సోఫోనుకు తాత" అన్నాడు. ఆ ఊపులో మరుసటి సోమవారం బాలమురళీకృష్ణ గారి త్యాగరాజ పంచరత్నాలు తీసుకుపోయాను.

క్యాంటీనులో భోజనాల దగ్గర దొర అడిగాడు. "రెండో పాట ఉందే, గౌళ అని రాసి ఉంది, అది మళ్ళీ మళ్ళీ విన్నాను. ఏమంటున్నాడు?"

"రాముడి మీద భక్తి" అన్నాను.

"అది తెలుసు. ఏమంటున్నాడు?"

"నన్ను కాపాడు అంటున్నాడు."

"అంత పెద్ద పాటలో ఆ ఒక్క మాటేనా? అన్ని చరణాలున్నాయి. ఒక్కో చరణానికి గొంతు మారుతోంది. నీ భాషే కదా మ్యాన్?"

నీ భాషే కదా. ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాకు మాత్రం అన్నం గొంతులో అడ్డం పడింది. ఇటలీ పాటకు కథంతా చెప్పిన మనిషి ముందు, నా ఇంటి భాషలో ఉన్న పాటకు అర్థం చెప్పలేక కూర్చున్నాను. అర్థంతో పని లేదు, స్వరం చాలు అన్నది ఆయనే. కాని ఆయన ఆ మాట అన్నది అర్థం చేతిలో పెట్టుకొని. నా చేతిలో ఏముంది? ఉన్నవాడు అక్కర్లేదనడానికీ లేనివాడు అక్కర్లేదనడానికీ తేడా ఉంది.

ఆ రాత్రి టేప్‌రికార్డరు వంటింట్లో పెట్టి అమ్మకు వినిపించాను. అమ్మకు అక్షరం ముక్క రాదు. పాట మొదలైందో లేదో అమ్మ పొయ్యి దగ్గరినుంచే పకపకా నవ్వింది.

"ఓరి, ఇదేందిరా, నిన్ను దినామూ తిట్టే మాటే గదరా! దుడుకు!"

నిజమే. చిన్నప్పుడు చెట్టెక్కినా, కుండ పగలగొట్టినా అమ్మ నోట వచ్చే మొదటి మాట అదే, దుడుకు నాయాలు అని. అదే మాట త్యాగయ్య తనను తాను అనుకుంటున్నాడు. నేనా పాట ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట వేల సార్లు విన్నాను. రెండూ ఒకటేనని నా చెవికి తట్టలేదు. పాటలో ఉన్నది తెలుగు కాదు, సంగీతం అనుకున్నాను గాబోలు.

అమ్మకు తెలిసిన మాటలు అమ్మ చెప్పింది. తెలియని సంస్కృతం మాటల దగ్గర "పెద్దోళ్ళను అడుగు" అంది. పెద్దలను అడగాలంటే ముందు ఆ సాహిత్యం కాగితం మీద కనబడాలి. నా దగ్గరున్నది కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకం. అందులో పదం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. గాయకుడు ఊపిరి తీసుకున్న చోట పదం విరిచి ఉంది. పదం విరిగిన చోట అర్థమూ విరిగింది.

అప్పుడు నాకు చందమామ గుర్తొచ్చింది. చందమామ ఆ రోజుల్లో తెలుగులోనూ కన్నడంలోనూ వచ్చేది. బొమ్మలు అవే, కథలు అవే. మెజెస్టిక్ దగ్గర ఒకే నెల సంచికలు రెండూ కొన్నాను. 1983వ సంవత్సరం. ఆనేకల్ బస్సులో రెండూ ఒళ్ళో పక్కపక్కన పరచుకొని కూర్చునేవాణ్ణి. కన్నడంలో చదివిన వాక్యాన్ని తెలుగులో వెతుక్కోవడం. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు. కన్నడంలో అడ్డగీతలాగా ఉండే తలకట్టు తెలుగులో మెలి తిరిగి టిక్కు గుర్తయింది, అంతే. క, త, శ లాంటి కొన్ని అక్షరాల దగ్గర కొన్నాళ్ళు తడబడ్డాను. పక్క సీటువాళ్ళు వింతగా చూసేవాళ్ళు, ఇంత మీసమున్నవాడు పిల్లల పుస్తకం చదువుతున్నాడని, అదీ రెండు. నెల తిరిగేసరికి విక్రమార్కుడూ బేతాళుడూ నాతో తెలుగులో మాట్లాడారు. ముప్పై ఒకటో ఏట ఇంటిభాష చదవడం నేర్చాను. నేర్పింది బడి కాదు, సంఘం కాదు. ఒక ఇంగ్లీషు మనిషి అడిగిన ప్రశ్న.

తరువాతెప్పుడో చదివాను. సరిగ్గా ఆ 1983లోనే టొరంటోలో ఒపెరా ఆడుతుంటే వేదిక పైన తెర మీద పాటల అర్థం ఇంగ్లీషులో చూపించడం మొదలుపెట్టారట. తరువాత అన్ని దేశాలకూ పాకింది ఆ పద్ధతి. సంగీతం పాడవుతుందని గొడవ చేసినవాళ్ళూ ఉన్నారు. కాని అర్థం తెలిసినంత మాత్రాన ఏడుపు తగ్గలేదు. ఎక్కడ ఏడవాలో ఇంకా బాగా తెలిసింది.

తెలుగు పుస్తకం సంపాదించి, తెలిసినవారి దగ్గర అడిగి, దొరకు గౌళ కృతి అర్థం చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కొక్క భోజన విరామానికి ఒక్కొక్క చరణం. కొన్నింటికి వారాలు పట్టాయి. త్యాగయ్య అందులో తన తప్పులు తానే వరసగా అప్పజెప్పుకుంటాడు. చిన్ననాటినుంచే భజన రుచి తెలియకుండా వితండవాదాలు చేశానంటాడు. పొట్టకోసం తియ్యతియ్యగా మాట్లాడి పరుల సొమ్ముకు ఆశపడ్డానంటాడు. సుఖంగా బతికితే చాలుననుకొని రోజులు దొర్లించానంటాడు. స్వరమూ లయా తెలియకుండానే నిజమైన భక్తులతో సమానమనుకున్నానంటాడు. అక్కడ దొర చెయ్యెత్తి ఆపాడు.

"ఎవరు? ఈ పాట కట్టినవాడా? తనకు స్వరం తెలియదనా?"

"అవును."

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు, "ఇది మా చర్చిలో ఫాదరు దగ్గర చేసే పాపనివేదన. కాని మేము చీకట్లో, గుసగుసగా చెప్పుకుంటాం. ఈయన తాళం వేసి పాడుతున్నాడు."

ఆ రోజునుంచి నా పేరు "దుడుకు" అయింది. మెషిన్‌షాపంతా అదే పేరు. ఎవరికీ అర్థం తెలియదు. ఆయన క్యాసెట్టు అట్ట లోపలి పక్క పెన్సిలుతో చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ప్రతి చరణం అర్థమూ రాసుకునేవాడు.

చివరి చరణం మిగిలింది. ఈలోగా ఆయనకు ఆస్ట్రేలియా కాగితాలు వచ్చాయి. వాళ్ళవాళ్ళు చాలామంది అప్పటికే పెర్త్‌కు పోయారు. 1986లో ఆయనా బయలుదేరాడు. పోయే ముందు ఆదివారం ఇంటికి పిలిచి వెర్ది రాసిన "నబుక్కో" ఒపెరాలోని బృందగానం వినిపించాడు. 1842 నాటిది. సొంత నేలనుంచి చెరపట్టి తెచ్చిన జనం, పోగొట్టుకున్న ఊరిని తలచుకొని అందరూ ఒకే గొంతుతో పాడతారు. 1901లో వెర్ది పోయినప్పుడు మిలాను నగరంలో తోస్కనీనీ ఆధ్వర్యంలో వందల మంది ఆ పాటే పాడి సాగనంపారని చెప్పాడు. ఈసారి కథ ముందే చెప్పాడు. పాట అయ్యాక ఎవరి ముఖం ఎవరమూ చూసుకోలేదు. పుట్టి పెరిగిన ఊరు విడిచి, పెద్దల ఊరు అనుకున్న మరో చోటికి పోతున్నాడాయన. ఆయనది ఈ దేశంలో తక్కువమంది మాట్లాడే ఇల్లు. మాదీ ఈ రాష్ట్రంలో అంతే. మా ఇద్దరికీ అంత దగ్గరితనం ఎందుకు కుదిరిందో ఆ సాయంత్రం అర్థమైంది.

"చివరి చరణం ఉత్తరంలో రాసి పంపు, దుడుకు" అన్నాడు బస్సు దాకా వచ్చి.

1988లో పెర్త్ నుంచి ఒక క్యాసెట్టు వచ్చింది. దాని పేరు "జ్యోతి". 1983లో జర్మనీలో రికార్డు చేసినది. అమెరికా జాజ్ విద్వాంసుడు చార్లీ మారియానో, మన బెంగుళూరు కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ వారు కలిసి చేశారు. పాడింది ఆర్. ఏ. రమామణి గారు, మృదంగం టి. ఏ. ఎస్. మణి గారు. మారియానో ఇటలీనుంచి అమెరికాకు పోయినవాళ్ళ కొడుకు. మన దేశం వచ్చి నాదస్వరం నేర్చుకున్నవాడు. జాజ్, ఇటలీ, నాదస్వరం, బెంగుళూరు. మా క్యాంటీను బల్ల మీద మేమిద్దరం కలిపినదంతా ఎవరో నిజంగానే కలిపి పెట్టారు. లోపల చీటీ ఉంది. "మీ ఊరివాళ్ళు, మావాడు. చివరి చరణం ఏది?"

నేను రాయలేదు.

రాయకూడదని కాదు. ఇంగ్లీషులో ఉత్తరం రాయడమంటే నాకు గుండెదడ. తప్పులు పోతాయని భయం. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకున్నాను. పిల్ల పెళ్ళి, ఇంటి అప్పు, అమ్మ జబ్బు. క్రిస్మస్ కార్డు మాత్రం పంపేవాణ్ణి. కొన్నేళ్ళకు అదీ ఆగిపోయింది. ఒపెరాలో చిత్రకారుడు కూడా ఉత్తరం పూర్తి చెయ్యలేదు. కాని అతనికి తెల్లవారితే చావు ఉంది. నాకు ఇరవై ఏళ్ళు ఉండింది.

2019లో ఆయన కూతురు ఎట్లాగో నా నంబరు సంపాదించి వాట్సాప్‌లో పలకరించింది. దొర పోయి అప్పటికి కొన్నేళ్ళయిందట. ఇల్లు సర్దుతుంటే పాత క్యాసెట్ల పెట్టె దొరికిందట. ఒక ఫోటో పంపింది. బాలమురళి పంచరత్నాల అట్ట. అదే పెన్సిలు, అవే చిన్న అక్షరాలు. ఒక్కొక్క చరణానికి ఒక్కొక్క గీత. అన్నిటికన్నా కింద ఒక అంకె వేసి, ఎదురుగా ఖాళీ. ఆ ఖాళీ పక్కన ఒకే మాట, ఇంగ్లీషు అక్షరాలలో: దుడుకు.

"ఇదేమిటి అంకుల్?" అని అడిగిందా అమ్మాయి.

చివరి చరణంలో త్యాగయ్య తన రోజులు ఎటుపోయాయో లెక్క చెప్పుకుంటాడు. ఆడవాళ్ళ వెంట కొన్ని, ఆస్తిపాస్తుల వెంట, బిడ్డల వెంట కొన్ని, డబ్బు వెంట కొన్ని. అన్నీ ఇట్లా పంచి పెట్టేశాను, ఇట్లాంటి దుడుకువాణ్ణి ఎవడు కాపాడతాడని అడిగి తన పేరు వేసుకుంటాడు. ఆ చరణం నేను దొరకు చెప్పకపోవడానికి ఉన్న కారణాలన్నీ ఆ చరణంలోనే ఉన్నాయి. ముప్పై మూడేళ్ళు ఆలస్యంగా, తప్పుల ఇంగ్లీషులో, ఆయన కూతురికి రాశాను. తప్పులు ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు నా మనవరాలు సంగీతం నేర్చుకుంటోంది. పదేళ్ళు. నేర్పే టీచరమ్మ కన్నడ మనిషి. చక్కటి గొంతు, చక్కటి పాఠం. తెలుగు రాకుండా తెలుగు కృతులు పాడేవాళ్ళను మనలో కొందరు చిన్నచూపు చూస్తారు. నాకది నచ్చదు. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించింది నంజనగూడులో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు. మెలట్టూరులో తమిళుల మధ్య తెలుగు భాగవతమేళ నాటకాలు తరతరాలుగా ఆడుతూనే ఉన్నారు. త్యాగయ్య తానే రాసిన "నౌకాచరిత్రము", "ప్రహ్లాద భక్తివిజయము" మన ఒపెరాలు కావూ? అవి పుట్టిందీ తమిళ నేల మీదే. అర్థం తెలియకుండా టోస్కా విని ఏడ్చినవాణ్ణి, అర్థం తెలియకుండా పాడేవాళ్ళను నేనేమనగలను? పరాయివాళ్ళు అర్థం తెలియకుండా పాడితే అది ప్రేమ. మనం అర్థం తెలియకుండా పాడితే మాత్రం అది వేరే సంగతి. న్యూ ఆర్లియన్స్ సంగతి విని అప్పుడు కలగని భయం ఇప్పుడు కలుగుతోంది. భాష పోయినా లయ మిగులుతుంది, నిజమే. కాని ఆ జనం చేతినుంచి భాషను గుంజుకున్నారు. మన చేతినుంచి ఎవరూ గుంజుకోవడం లేదు, మనమే జారవిడుస్తున్నాం.

మొన్నొక సాయంత్రం పాప కన్నడ లిపిలో రాసుకున్న సంగీతం నోటుబుక్కు తెరిచి కూర్చుంది. నేను ఫోనులో టోస్కా పాట పెట్టాను. కథ చెప్పలేదు. పాప చెవి ఒగ్గి వింది.

"తాతా, ఈయప్ప పాడతా ఉండాడా, ఏడస్తా ఉండాడా?"

"నీకేమనిపించింది?"

"రెండూ."

ఆ తరువాత కథ చెప్పాను. దొర కథ కూడా చెప్పాను. పాప నోటుబుక్కు తిప్పి గౌళ కృతి తీసి, వేలు పెట్టి, "అయితే ఇదేమంటా ఉండాది తాతా?" అంది.

మొదటి మాట చదవమన్నాను. చదివి, ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వింది. మా ఇంట్లో దానికీ రోజూ పడే తిట్టు అదే. అచ్చం మా అమ్మ నవ్వు.

అటక మీదినుంచి ఆ రెండు చందమామలు దించాను. అంచులు పురుగు కొట్టేశాయి, బేతాళుడి తోక కొంచెం పోయింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఒళ్ళో పక్కపక్కన పరిచాను. రోజుకు ఒక పేజీ అనుకున్నాం. చివరి చరణం దాకా ఈసారి నేను ఎక్కడా ఆగదలచుకోలేదు.